2009లో అమెరికా కాంగ్రెస్ సభ్యులు ఆరోగ్య సంస్కరణను ఆర్థిక పునరుద్ధరణతో ముడిపెట్టడం సబబేనా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతలో ఇది. 2009లో అమెరికా మాంద్యంలో ఉన్నప్పుడు మిషిగన్ ప్రతినిధి జాన్ డింగెల్ వంటి డెమోక్రాట్ సభ్యులు ఒకవైపు 787 బిలియన్ డాలర్ల ఆర్థిక పునరుద్ధరణ (ఉద్దీపన) చట్టాన్ని, మరోవైపు తర్వాత ఒబామాకేర్‌గా పేరుపడిన ఆరోగ్య బీమా సంస్కరణను సమర్థిస్తూ, రెండూ ఒకే ఆర్థిక సమస్యకు మందులని వాదించారు. ఆ వాదనకు ఆర్థికపరమైన బలం ఉందా, లేక ఏళ్ల తరబడి అనుకుంటున్న పనిని సంక్షోభం పేరు చెప్పి నెగ్గించుకున్నారా అని మీరు అడిగారు. ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. చేస్తూ దీనిపై వ్యాసం రాస్తున్నానని, ఆరోగ్యశ్రీతో పోల్చవచ్చా అని కూడా అడిగారు. నేను ఆగ్నేయ మిషిగన్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో ఆ మాంద్యానికి ముందు నుంచీ పనిచేస్తున్నాను కనుక, చట్టసభలో వినిపించిన మాటలు ఆసుపత్రి బిల్లు కాగితం మీదికి ఎలా వచ్చాయో చూసిన మనిషిగా జవాబిస్తాను.

సూటిగా చెప్పాలంటే, ఆ ముడి చాలా వరకు నిజమైనదే. అమెరికాలో పనిచేసే వయసువారికి ఆరోగ్య బీమా ప్రధానంగా ఉద్యోగం ద్వారా వస్తుంది కాబట్టి, ఉద్యోగాలు పోయే మాంద్యం దానంతటదే ఆరోగ్య సంక్షోభం కూడా అవుతుంది. ఈ మేరకు డింగెల్ పక్షం వాదన తిరుగులేనిది. అయితే సంస్కరణ చట్టమే మాంద్యం నుంచి బయటపడేస్తుందన్నట్టుగా కొందరు సభ్యులు మాట్లాడిన మాటలు నిలబడవు. ఆ చట్టంలోని ప్రధాన ప్రయోజనాలు 2014 జనవరి దాకా అమల్లోకి రాలేదు. మాంద్యం అధికారికంగా 2009 జూన్‌లోనే ముగిసింది. కాబట్టి మీరు వ్యాసంలో ప్రతి వాదన దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ డబ్బు ఎవరి చేతికి, ఎప్పుడు చేరింది?

ముందు డింగెల్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలోని రెండో సగానికి జవాబు అక్కడే ఉంది. ఆయన తండ్రి జాన్ డింగెల్ సీనియర్ 1933 నుంచి 1955లో చనిపోయే దాకా ప్రతినిధుల సభలో ఉన్నారు. 1943లో సెనేటర్లు వాగ్నర్, ముర్రేలతో కలిసి జాతీయ ఆరోగ్య బీమా బిల్లు ప్రవేశపెట్టిన వారిలో ఆయన ఒకరు. తండ్రి మరణం తర్వాత జరిగిన ఉప ఎన్నికలో గెలిచి 29 ఏళ్ల వయసులో సభలో అడుగుపెట్టిన కొడుకు, రెండేళ్లకోసారి కొలువుదీరే ప్రతి కొత్త కాంగ్రెస్‌లోనూ జాతీయ ఆరోగ్య బీమా బిల్లును మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతూ వచ్చారు. 1965లో మెడికేర్ (ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ బీమా) బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గిన రోజు సభాపతి స్థానంలో కూర్చున్నది ఆయనే. 2010 మార్చి 21న సంస్కరణ బిల్లు 219-212 ఓట్లతో గట్టెక్కినప్పుడు స్పీకర్ నాన్సీ పెలోసీ బల్ల మీద కొట్టిన సుత్తి, 1965లో ఆయన వాడినదే. అంటే మాంద్యం వచ్చింది కాబట్టి ఆయనకు ఈ ఆలోచన పుట్టలేదు. అంతకు అరవై ఏళ్ల ముందు నుంచీ ఉన్న ఆలోచనకు మాంద్యం ఓట్లు సమకూర్చింది. దీన్ని మీరు అవకాశవాదం అనవచ్చు. నా అభిప్రాయం వేరు: సమస్య అందరి ఇంటికీ వచ్చినప్పుడే చట్టసభలో దానికి మెజారిటీ దొరుకుతుంది, ప్రజాస్వామ్యంలో పెద్ద చట్టాలు ఎక్కువగా అలాగే వస్తాయి.

ఇక అసలు విషయం. అమెరికాలో బీమా ఉద్యోగంతో ఎలా ముడిపడిందో తెలియకపోతే ఈ వాదనలేవీ అర్థం కావు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం జీతాల పెంపుపై నియంత్రణ విధించింది. పనివారిని ఆకర్షించడానికి కంపెనీలు జీతానికి బదులు బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ బీమా విలువపై ఉద్యోగి పన్ను కట్టనక్కర్లేదని 1954 నాటి పన్ను చట్టం ఖాయం చేసింది. అలా యుద్ధకాలపు ఏర్పాటు శాశ్వతమైపోయింది. మంచి రోజుల్లో దీని లోపం కనిపించదు. ఉద్యోగం పోయిన నెలలో కనిపిస్తుంది.

ఉద్యోగం పోయినవారు పాత కంపెనీ ప్లాన్‌ను సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చని 1985 చట్టం చెబుతుంది. దాన్నే ఇక్కడ అందరూ కోబ్రా అంటారు. ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. కానీ ప్రీమియం మొత్తం, దానిమీద రెండు శాతం నిర్వహణ ఖర్చు, మనమే కట్టుకోవాలి. 2009లో కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 13,375 డాలర్లు. కోబ్రా కింద అది నెలకు సుమారు 1,137 డాలర్లు అవుతుంది. మిషిగన్‌లో అప్పుడు నిరుద్యోగ భృతి ఎంత ఎక్కువ వచ్చినా వారానికి 362 డాలర్లే, అంటే నెలకు దాదాపు 1,569. భృతిలో నూటికి డెబ్బై రెండు డాలర్లకు పైగా బీమాకే పోతే, ఇంటి అప్పు వాయిదా ఎవరు కడతారు? ఎవరూ కట్టలేరు కనుక బీమానే వదిలేసేవారు.

పునరుద్ధరణ చట్టం సరిగ్గా ఇక్కడ చెయ్యి వేసింది. 2008 సెప్టెంబరు 1 తర్వాత తమ ప్రమేయం లేకుండా ఉద్యోగం పోయినవారికి కోబ్రా ప్రీమియంలో 65 శాతం ప్రభుత్వం భరించేలా ఏర్పాటు చేసింది. మొదట తొమ్మిది నెలలకు, తర్వాత పదిహేను నెలలకు పొడిగించారు. భృతికి వారానికి 25 డాలర్లు అదనంగా కలిపింది. ఇప్పుడు అదే లెక్క మళ్లీ వేయండి: భృతి నెలకు 1,677, ప్రీమియంలో మనిషి కట్టాల్సిన వాటా 398. నూటికి ఇరవై నాలుగు. ఇది కూడా భారమే, కానీ మోయగలిగిన భారం. అంతకుముందు కోబ్రా వద్దని వదిలేసినవారికి రెండోసారి ఎంచుకునే అవకాశం కూడా చట్టం ఇచ్చింది. 2009 వసంతంలో మా కౌంటర్ దగ్గరికి వచ్చిన చాలామంది చేతుల్లో ఆ రెండో ఉత్తరం ఉండేది. దాన్ని ప్రకటనల కాగితం అనుకుని పారేసినవారూ ఉన్నారు. సంతకం పెట్టి పంపడానికి అరవై రోజులే గడువు కనుక, డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ ఉత్తరం గురించి కూడా అడగమని మా వాళ్లకు చెప్పుకొనేవాళ్లం.

ఒక రోగి ఉదంతం చెబుతాను, గుర్తింపు వివరాలు తీసేసి. కారు విడిభాగాలు చేసే ఒక చిన్న కర్మాగారంలో యంత్రం మీద పనిచేసే నడివయసు మనిషి. చక్కెర వ్యాధి ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నాడు. లేఆఫ్ అయ్యాక బీమా పోయింది, ఇన్సులిన్ పొదుపుగా వాడుకోవడం మొదలుపెట్టాడు, కొన్ని వారాలకు స్పృహ తప్పిన స్థితిలో అత్యవసర విభాగానికి తెచ్చారు. ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. బతికాడు. ఆ బిల్లులో ఒక్క రోజు ఐసీయూ ఖర్చుతో అతనికి ఏడాది ఇన్సులిన్ వచ్చేది. అతని కంపెనీ పూర్తిగా మూతపడినందువల్ల కోబ్రా కూడా దొరకలేదు, ఎందుకంటే కొనసాగించడానికి ప్లానే మిగలలేదు. పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌కు దరఖాస్తు పెడదామంటే, పిల్లలు లేని, వైకల్యం నిర్ధారణ కాని పెద్దవారికి ఎంత పేదవారైనా అప్పటి మిషిగన్ నిబంధనల్లో చోటు దాదాపు లేదు. ఉద్దీపన ఖర్చు ఎంత పెంచినా ఈ మనిషికి అందదు. అతనికి కావలసింది నిబంధన మారడం. పునరుద్ధరణ ఖర్చు ఎక్కడ ఆగిపోతుందో, సంస్కరణ ఎందుకు అవసరమో ఒకేచోట చూపించే ఉదాహరణ ఇది. రెండింటినీ కలిపి వాదించిన సభ్యుల దగ్గర ఉన్న అత్యంత బలమైన వాదన కూడా ఇదేనని నా నమ్మకం. సభా ప్రసంగాల్లో దీనికంటే పెద్ద పెద్ద అంకెలకే ఎక్కువ చోటు దొరికింది, అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

రెండో బలమైన వాదన రాష్ట్రాల ఖజానాలకు సంబంధించింది. పేదలకు వైద్యం అందించే మెడికెయిడ్‌ను కేంద్రం, రాష్ట్రం కలిసి భరిస్తాయి. మాంద్యంలో రాష్ట్రానికి పన్నుల రాబడి పడిపోతుంది, అదే సమయంలో మెడికెయిడ్‌లో చేరేవారి సంఖ్య పెరుగుతుంది. దాదాపు అన్ని రాష్ట్రాలూ బడ్జెట్‌ను సమతూకంలో ఉంచి తీరాలని వాటి చట్టాలు చెబుతాయి. కాబట్టి రాష్ట్రం ముందు మిగిలేది రెండే దారులు: వైద్యులకిచ్చే రేట్లు కోయడం, లేదా బడులూ పోలీసు శాఖల నుంచి కోయడం. ఏది కోసినా ఇంకొందరి ఉద్యోగాలు పోతాయి, మాంద్యం ముదురుతుంది. పునరుద్ధరణ చట్టం ప్రతి రాష్ట్రానికీ కేంద్ర వాటాను 6.2 శాతం పాయింట్లు పెంచి, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న చోట ఇంకాస్త కలిపింది. మిషిగన్‌లో 60 శాతం దగ్గర ఉన్న కేంద్ర వాటా 70 శాతం దగ్గరికి చేరింది. దేశమంతటా దీనికి అయిన ఖర్చు అంచనా 87 బిలియన్ డాలర్లు. మెడికెయిడ్ అర్హతలను బిగించకూడదన్న షరతు కూడా పెట్టారు. రోడ్లకూ వంతెనలకూ కేటాయించిన సొమ్ము టెండర్లు దాటి కూలీల చేతికి చేరడానికి నెలలు పట్టింది. ఇది మాత్రం ఉన్న కార్యక్రమంలో ఉన్న పద్ధతిలోనే వెంటనే చేరింది. ఉద్దీపన ఎలా ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది ఈ పద్దునే.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా చూడాల్సిన వాదన దగ్గరికి వస్తాను. డెట్రాయిట్ ప్రాంత సభ్యులు ఎక్కువగా చెప్పింది పోటీతత్వం గురించి. జనరల్ మోటార్స్ తయారు చేసే ప్రతి కారు ధరలో వైద్య ఖర్చు 1,500 డాలర్ల దాకా ఉందని, పోటీలో ఉన్న విదేశీ కంపెనీలకు ఆ భారం లేదని ఆ రోజుల్లో తరచుగా వినిపించేది. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరాయి. డింగెల్ నియోజకవర్గంలోని విల్లో రన్ కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు అదే జూన్‌లో ప్రకటించారు, 2010 డిసెంబరులో అది మూతపడింది. యుద్ధ కాలంలో బి-24 బాంబర్లు తయారైన చోటు అది. అలాంటి చోట ఓటర్ల ముందు నిలబడి వైద్య ఖర్చే మన పరిశ్రమను తినేస్తోందని చెబితే గుండెకు తగులుతుంది.

అయితే ఆర్థికవేత్తలు ఈ వాదనను పూర్తిగా ఒప్పుకోరు. ప్రస్తుతం పనిచేస్తున్న ఉద్యోగి బీమాకు కంపెనీ పెట్టే ఖర్చును చివరికి ఆ ఉద్యోగే తక్కువ జీతం రూపంలో భరిస్తాడన్నది వారి మాట. అది చాలా వరకు సరైనదే. కానీ పదవీ విరమణ చేసినవారి విషయంలో ఆ తర్కం పనిచేయదు. జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్నవారి కంటే విరమణ చేసి కంపెనీ బీమా మీద ఆధారపడినవారే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎప్పుడో ఇచ్చిన మాటను ఇవాళ్టి కార్ల అమ్మకం మీద నెరవేర్చాలి. ఆ భారాన్ని యూనియన్ ట్రస్టుకు బదిలీ చేసే ఒప్పందం 2007లోనే కుదిరింది, 2010 జనవరి నుంచి అమలైంది. అంటే సంస్కరణ చట్టం రాకముందే ఆ సమస్యకు వేరే దారిలో పరిష్కారం మొదలైంది. అందువల్ల పోటీతత్వం వాదనను మీ వ్యాసంలో పెట్టండి కానీ, దాన్ని మూలస్తంభంగా నిలబెట్టకండి.

దీనికి తోడు దాగి ఉన్న పన్ను అనే వాదన ఒకటి ఉంది. బీమా లేనివారికి చేసిన వైద్యానికి రాని సొమ్మును ఆసుపత్రులు బీమా ఉన్నవారి మీద వేస్తాయని, దానివల్ల ప్రతి కుటుంబ ప్రీమియం ఏడాదికి 1,000 డాలర్లకు పైగా పెరుగుతోందని సంస్కరణ చట్టం పాఠంలోనే రాశారు. 2008లో ఇలా రాని సొమ్ము 43 బిలియన్ డాలర్లని కూడా అందులో ఉంది. మరికొందరు పరిశోధకులు ఆ బదిలీ చాలా తక్కువేనని తేల్చారు. ఆచరణలో నేను చూసింది రెండో పక్షానికే దగ్గరగా ఉంటుంది. ప్రైవేటు బీమా కంపెనీలతో రేట్లు ఒప్పందం ప్రకారం ముందే ఖరారవుతాయి, ఈ నెల వసూళ్లు తగ్గాయని వచ్చే నెల రేటు పెంచడం కుదరదు. బేరమాడే శక్తి ఉన్న పెద్ద ఆసుపత్రి కొంత రాబట్టుకోగలదు. చిన్న ఆసుపత్రి మాత్రం నర్సుల ఖాళీలు నింపకుండా, పాత యంత్రాన్ని మార్చకుండా, చివరికి ప్రసూతి వార్డు మూసేసి ఆ నష్టాన్ని భరిస్తుంది. అత్యవసర స్థితిలో వచ్చినవారిని డబ్బు లేదని తిప్పి పంపకూడదని 1986 చట్టం ఆదేశించింది. ఆ ఖర్చు ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. కాబట్టి భారం నిజమే, అది ప్రీమియంలో కాక ఆసుపత్రి మూతపడడంలో ఎక్కువగా కనిపిస్తుంది.

లోటు విషయంలో మీకు ఒక వైరుధ్యం కనిపించి ఉంటుంది. అదే సభ్యులు ఫిబ్రవరిలో 787 బిలియన్లను అప్పు తెచ్చి ఖర్చు పెట్టాలన్నారు. సంస్కరణ బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఒక్క డాలరు కూడా లోటుకు కలవకూడదన్నారు. ఇది మాట మార్చడం కాదు. జనం, కంపెనీలు ఖర్చు ఆపేసినప్పుడు ప్రభుత్వం ఖర్చు పెడుతూ అంతే మొత్తానికి అదే ఏడాది పన్ను వేస్తే, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు అవుతుంది. అందుకే తాత్కాలిక ఖర్చుకు అప్పు తగినది. సంస్కరణ శాశ్వతమైన బాధ్యత, దానికి శాశ్వతమైన రాబడి చూపాలి. అధిక ఆదాయవర్గాలపై మెడికేర్ పన్ను పెంపు, ప్రైవేటు మెడికేర్ ప్లాన్లకు ఇచ్చే అదనపు చెల్లింపుల కోత, ఆసుపత్రుల రేట్ల పెంపులో కోత ఆ రాబడిలో ముఖ్యమైనవి. పదేళ్లలో బీమా విస్తరణకు 938 బిలియన్లు ఖర్చవుతుందని, అయినా మొత్తం మీద లోటు 143 బిలియన్లు తగ్గుతుందని, బిల్లుల ఖర్చును లెక్కగట్టే కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ 2010 మార్చిలో అంచనా వేసింది.

వైద్య ఖర్చుల పెరుగుదలే దేశ ఆర్థిక భవిష్యత్తుకు పెద్ద ముప్పు అన్న వాదన కూడా ఇక్కడే వస్తుంది. అప్పటికే జాతీయోత్పత్తిలో 17 శాతం పైగా వైద్యానికే పోతోంది. కానీ 2009 జులైలో బడ్జెట్ ఆఫీస్ డైరెక్టర్ డగ్లస్ ఎల్మెండార్ఫ్, కాంగ్రెస్ ముందున్న బిల్లుల్లో దీర్ఘకాలిక ఖర్చును తగ్గించే మౌలిక మార్పులు లేవని సెనేట్ కమిటీ ముందే చెప్పారు. ఆ తర్వాత చేర్చిన అంశాల్లో ఖరీదైన ప్లాన్లపై పన్ను అసలు అమలు కాకుండానే 2019లో రద్దయింది. మెడికేర్ ఖర్చుపై స్వతంత్ర మండలి ఏర్పాటు కాకుండానే 2018లో రద్దయింది. అయినప్పటికీ 2019 నాటికి కూడా వైద్య ఖర్చు జాతీయోత్పత్తిలో 18 శాతం దాటలేదు. దీనిలో చట్టం వాటా ఎంత, మాంద్యం వాటా ఎంత అన్నది ఇప్పటికీ వాదనల్లోనే ఉంది. నిశ్చయంగా ఫలానా కారణమని రాయకండి.

వ్యతిరేక పక్షం మాటలకు కూడా మీరు న్యాయం చేయాలి. పునరుద్ధరణ చట్టానికి ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ కూడా ఓటు వేయలేదు, సెనేట్‌లో ముగ్గురే వేశారు. చట్టం వస్తే నిరుద్యోగం 8 శాతం దగ్గర ఆగుతుందని 2009 జనవరిలో ఒబామా ఆర్థిక సలహాదారులు అంచనా వేస్తే, అక్టోబరుకు అది 10 శాతానికి చేరింది. ఆ ఒక్క అంకె సమర్థకుల వాదనకు చేసిన నష్టం అంతా ఇంతా కాదు. ఆ అంచనా వేసేనాటికి మాంద్యం లోతు ఎవరికీ పూర్తిగా తెలియదు, చట్టం లేకపోతే పరిస్థితి ఇంకా దిగజారేది. 2010 మూడో త్రైమాసికంలో చట్టం వల్ల 14 లక్షల నుంచి 36 లక్షల మందికి అదనంగా పని దొరికిందని బడ్జెట్ ఆఫీస్ లెక్కగట్టింది. కానీ రాకుండా పోయిన నష్టం ఓటరు కంటికి కనిపించదు. 2009 ఆగస్టు 6న రోములస్‌లో డింగెల్ పెట్టిన సభలో జనం కేకలు వేశారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకును చక్రాల కుర్చీలో తీసుకొచ్చిన ఒక తండ్రి, ఈ చట్టంలో నా బిడ్డకు వైద్యం అందదని ఆయన్ని నిలదీశాడు. ఆ భయం బిల్లులోని పాఠానికి సరిపోదు. అయినా దాన్ని కేవలం దుష్ప్రచార ఫలితమని కొట్టిపారేయడం సరికాదు. చుట్టూ ఉద్యోగాలు పోతున్నప్పుడు, ఉన్న కాస్త ఆసరాను ప్రభుత్వం కదిలిస్తుందంటే బీమా ఉన్నవాడికి కూడా వణుకు పుడుతుంది. మాంద్యం సంస్కరణకు ఎంత బలం ఇచ్చిందో, అంత ప్రతిఘటనను కూడా ఇచ్చింది.

మన తెలుగువారికి ఇందులో నేరుగా తగిలిన విషయాలు రెండు ఉన్నాయి. పునరుద్ధరణ చట్టంలో వైద్య రికార్డులను కంప్యూటర్లలోకి మార్చడానికి పెద్ద మొత్తం కేటాయించారు. మెడికేర్ కింద ఒక్కో వైద్యుడికి 44,000 డాలర్ల దాకా ప్రోత్సాహకం 2011 నుంచి ఇవ్వడం మొదలైంది. మా విభాగంలో కొత్త రికార్డుల వ్యవస్థ పెట్టినప్పుడు పనిచేసిన బృందంలో సగం మాటలు తెలుగులోనే వినిపించేవి. వైద్యానికి పెట్టిన ఖర్చు ఉద్యోగాలు ఎలా సృష్టిస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ, అయితే మాంద్యం ముగిశాక వచ్చిన ఉదాహరణ.

రెండోది ఇంట్లో పెద్దవారి సంగతి. గ్రీన్‌కార్డు మీద అమ్మానాన్నలను తెచ్చుకున్నవారికి 2014కు ముందు బీమా సంపాదించడం నరకం. మెడికేర్ కొనుక్కోవాలన్నా అయిదేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి. ప్రైవేటు కంపెనీలు బీపీ, షుగర్ పేర్లు చూసి దరఖాస్తు తిప్పి పంపేవి. మాకు తెలిసిన ఒక కుటుంబంలో అమ్మగారికి గుండెలో స్టెంట్ వేయాల్సి వస్తే, ఆవిడను హైదరాబాద్ తీసుకెళ్లి వేయించి మళ్లీ తెచ్చారు. గుండె జబ్బు మనిషిని అంత దూరం విమానంలో తీసుకెళ్లడానికి ఆ కొడుకు ఎంత భయపడ్డాడో నాకు తెలుసు. ఉన్న జబ్బును చూపి బీమా నిరాకరించరాదన్న నిబంధన పెద్దలందరికీ అమల్లోకి వచ్చాక, అలాంటివారు సంస్కరణ చట్టం ఏర్పాటు చేసిన బీమా మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోగలిగారు. ఇది ఏ ఉద్దీపన లెక్కల్లోనూ కనిపించని ప్రయోజనం.

ఆరోగ్యశ్రీతో పోలిక గురించి క్లుప్తంగా చెబుతాను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకానికి అర్హత తెల్ల రేషన్ కార్డుతో వచ్చేది, ఉద్యోగంతో ముడిపడలేదు. పని పోయినంత మాత్రాన కార్డు పోదు. కనుక మాంద్యానికీ బీమాకూ మధ్య అమెరికాలో ఉన్న లంకె అక్కడ లేదు, డింగెల్ వాదన అక్కడికి వర్తించదు. పోల్చాలనుకుంటే ఆరోగ్యశ్రీని మెడికెయిడ్‌తో పోల్చండి. అలా పోల్చినా, ఆరోగ్యశ్రీ ప్రధానంగా జాబితాలోని పెద్ద చికిత్సలకు ఉద్దేశించింది, మెడికెయిడ్‌లో మామూలు డాక్టరు సందర్శన, మందులు కూడా ఉంటాయన్న తేడా మరవకండి.

చట్టం అమలు విషయంలో ఒక్క మలుపు చెప్పకపోతే జవాబు అసంపూర్ణమవుతుంది. మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టమని 2012 జూన్ 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మిషిగన్‌లో రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్నైడర్ తన పార్టీలో వ్యతిరేకత ఉన్నా విస్తరణను ఒప్పించారు, 2014 ఏప్రిల్ నుంచి అది అమలైంది. ఆ ఏడాది చివరికి మా దగ్గర బీమా లేని రోగుల ఖాతాల జాబితా మునుపెన్నడూ లేనంతగా కుదించుకుపోయింది. పైన చెప్పిన యంత్రం మీద పనిచేసే మనిషి 2009లో కాక అప్పుడు వచ్చి ఉంటే, ఆసుపత్రి మంచం మీదనే దరఖాస్తు నింపి మెడికెయిడ్‌లో చేర్చేవాళ్లం. విస్తరణ ఒప్పుకోని రాష్ట్రాల్లో చాలా చోట్ల అలాంటి మనిషి పరిస్థితి ఇప్పటికీ మారలేదు.

చివరగా, ఈ వాదనల్లో ఏవి నిలిచాయో తెలుసుకోవడానికి 2020, 2021 చట్టాలను 2009 చట్టం పక్కన పెట్టి చదవండి. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి చట్టంలో మెడికెయిడ్ కేంద్ర వాటాను మళ్లీ సరిగ్గా 6.2 శాతం పాయింట్లే పెంచారు. 2021 చట్టంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కోబ్రా ప్రీమియాన్ని ఈసారి నూటికి నూరు శాతం ప్రభుత్వమే భరించింది. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీలను కూడా పెంచారు, ఆ పెంపు 2025 చివర ముగిసింది. పోటీతత్వం, దాగి ఉన్న పన్ను వంటి మాటల బలం మీద కాక, ఉద్యోగం పోతే బీమా పోతుందన్న వాదన, రాష్ట్రాల ఖజానా వాదన మీదే ఆ సాధనాలు మళ్లీ బయటికి వచ్చాయి. మీ వ్యాసంలో ఎక్కువ పేజీలు ఈ రెండింటికే ఇవ్వమని నా సలహా. 2009 బిల్లు పాఠంలో కోబ్రా, మెడికెయిడ్ విభాగాలు చదువుతుంటే ఎక్కడైనా అర్థం కాకపోతే ఆ భాగం ఇక్కడ పెట్టండి, వివరిస్తాను.